ర్యామ్ మీద ఫ్యాన్: ఎందుకంత అరుస్తుంది, ఎక్కడ గుచ్చాలి, ఎప్పుడు పీకేయాలి

క్యాబినెట్ లోపల ఉండే ఫ్యాన్లలో ర్యామ్ మీద కూర్చునేవే అన్నిటికంటే చిన్నవి, గోలలో మాత్రం అన్నిటికంటే ముందుంటాయి. అది తయారీ లోపమేం కాదు. 40 మిల్లీమీటర్ల ఫ్యాన్ కాస్తంత గాలి తోయాలన్నా నిమిషానికి 4000, 5000 చుట్లు తిరగాలి, ఆ వేగంలో రెక్కలు గాలిని కోస్తుంటే ఈలలాంటి సన్నటి రొద పుడుతుంది, పైగా ఒక ఫ్రేములో అలాంటివి రెండో మూడో ఉంటాయి. ఇంత చేసి, ఆ ర్యామ్‌కి అంత గాలి అక్కర్లేదు. చాలా మెషీన్లలో అసలు ఆ ఫ్యానే అక్కర్లేదు. నిజంగా అవసరమైన చోట కూడా మెల్లగా కదిలే గాలి సరిపోతుంది, కానీ దాన్ని పూర్తి 12 వోల్టుల మీద తిప్పి వదిలేస్తారు, అక్కడి నుంచి "పీసీ ఆన్ చేస్తే మిక్సీ పెట్టినట్టుంది" అనే కంప్లయింట్ మొదలవుతుంది.

ఈ ఫ్యాన్లు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే గందరగోళం చాలావరకు విడిపోతుంది. మొదటి తరం డీడీఆర్ ర్యామ్ 2.5 వోల్టుల మీద నడిచేది. ఓవర్‌క్లాకింగ్ (మామూలు వేగం కంటే ఎక్కువ వేగంతో నడపడం) పిచ్చి ఉన్నవాళ్లు విన్‌బాండ్ బీహెచ్-5 చిప్పులున్న ర్యామ్ స్టిక్కుల్ని వెతికి పట్టుకుని వాటికి 3.2, 3.3 వోల్టులు ఎక్కించేవాళ్లు. డీడీఆర్2 వచ్చేసరికి మామూలు వోల్టేజి 1.8కి దిగింది, కానీ గేమర్ల కోసం అమ్మే కిట్లు 2.1, 2.2 అడిగేవి. చిప్పులో పుట్టే వేడి ఇంచుమించు వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 1.8 నుంచి 2.2కి వెళ్తే వేడి దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. ఆ రోజుల్లోనే కోర్సెయిర్, జీ.స్కిల్, కింగ్‌స్టన్ లాంటి కంపెనీలు ర్యామ్ స్లాట్ల చివరి క్లిప్పులకు తగిలించుకునే ఫ్యాన్ ఫ్రేములు మార్కెట్లోకి దించాయి. సర్వర్లది ఇంకో గొడవ. 2006 నాటి మ్యాక్ ప్రో లాంటి మెషీన్లలో వాడిన ఫుల్లీ బఫర్డ్ డిమ్ స్టిక్కుల మధ్యలో ఒక బఫర్ చిప్పు ఉండేది, అది ఒక్కటే వాట్ల కొద్దీ వేడి కక్కేది, దానికి పెద్ద హీట్‌సింకూ గాలీ రెండూ పెట్టక తప్పేది కాదు.

తర్వాత డీడీఆర్3 1.5 వోల్టులకు, డీడీఆర్4 1.2 వోల్టులకు దిగాయి. ఒక్కో స్టిక్కు తినేది కొద్ది వాట్లే, పక్కన ప్రాసెసర్ 65 నుంచి 125 దాకా, గ్రాఫిక్స్ కార్డు 200, 300 తింటుంటే ఈ కొద్ది వాట్లని ఎవరు పట్టించుకుంటారు? ఫ్యాన్ ఫ్రేములు మెల్లగా అలంకారం అయిపోయాయి, వాటికి రంగురంగుల లైట్లు కూడా వచ్చాయి. డీడీఆర్5తో కథ మళ్లీ కొంచెం తిరిగింది. మామూలు వోల్టేజి 1.1 మాత్రమే, కానీ ఇదివరకు మదర్‌బోర్డు మీద జరిగే వోల్టేజి మార్పిడి పని ఇప్పుడు స్టిక్కు మీదే ఉండే పీఎమ్‌ఐసీ అనే చిప్పు చేస్తుంది, ఆ చిప్పు వేడి కూడా స్టిక్కు నెత్తినే పడుతుంది. దాని మీద ఎక్స్‌ఎమ్‌పీ గానీ ఎక్స్‌పో గానీ (ర్యామ్‌ని డబ్బా మీద రాసిన ఎక్కువ వేగానికి చేర్చే రెడీమేడ్ సెట్టింగులు) ఆన్ చేస్తే వోల్టేజి 1.35, 1.4కి లేస్తుంది. 1.1 నుంచి 1.4 అంటే అదే వర్గం లెక్కన అరవై శాతం పైగా ఎక్కువ.

సరే, ఎంత వేడెక్కితే ఎక్కువ? డీడీఆర్4 వరకు, ర్యామ్ ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ లెక్కల్లో చిప్పు పైభాగం 85 డిగ్రీల దాకా మామూలు పరిధి. ర్యామ్‌లో ఒక్కో బిట్ అంటే ఒక చిన్న కెపాసిటర్‌లో దాచిన ఛార్జి, అది కారిపోతూనే ఉంటుంది, కారిపోయేలోపు మళ్లీ నింపుతూ ఉండాలి, దాన్నే రిఫ్రెష్ అంటారు. వేడి పెరిగేకొద్దీ కారడం వేగమవుతుంది. అందుకే డీడీఆర్4లో మామూలుగా 7.8 మైక్రోసెకన్లకు ఒకసారి వెళ్లే రిఫ్రెష్ ఆదేశం 85 దాటాక 3.9కి ఒకసారి వెళ్లాలని నియమం, అలా 95 వరకు నడపొచ్చు. అంటే కంపెనీ సెట్టింగుల మీద నడిచే మామూలు ఆఫీసు పీసీకి 50, 60 డిగ్రీలు లెక్కలోకే రావు, దాని గురించి టెన్షన్ పడే పనే లేదు. ఇబ్బంది వచ్చేది టైమింగ్స్ (ర్యామ్ ఒక్కో పనికి తీసుకునే వ్యవధులు) బిగించి, రిఫ్రెష్ మధ్య ఎడం పెంచి, స్టిక్కుని దాని అంచు దాకా తోసినవాళ్లకి. సామ్‌సంగ్ బీ-డై చిప్పులకు ఈ విషయంలో బాగా పేరుంది: బిగించిన సెట్టింగుల్లో 45 డిగ్రీల దగ్గర రాయిలా నిలబడే స్టిక్కు, 50 దాటిన కాసేపటికే తప్పులు చూపించడం మొదలుపెడుతుంది. వీళ్లకి ఫ్యాన్ అవసరమే.

ఇంకో రకం వాళ్లకీ అవసరం పడొచ్చు, వాళ్లు ఓవర్‌క్లాకింగ్ ఊసే ఎత్తరు. ప్రాసెసర్‌తో పాటు డబ్బాలో వచ్చే కూలర్ గాలిని కిందికి ఊదుతుంది, ఆ గాలి బోర్డుకు కొట్టుకుని నాలుగు వైపులా పాకి ర్యామ్‌ని కూడా తడుముతుంది. ఎవరూ అడక్కుండా జరిగిపోయే సాయం అది. ఆ కూలర్ పీకేసి లిక్విడ్ కూలర్ పెడితే ప్రాసెసర్ చల్లగా ఉంటుంది, ర్యామ్ చుట్టూ గాలి మాత్రం చచ్చిపోతుంది. పైగా కింద గ్రాఫిక్స్ కార్డు కక్కే వేడి అంతా పైకి లేచి సరిగ్గా అక్కడికే వస్తుంది. నాలుగు స్లాట్లూ నిండి, ఒక్కో స్టిక్కుకి లావుపాటి అల్యూమినియం తొడుగు ఉంటే వాటి మధ్య గాలి దూరే సందు కూడా ఉండదు, మధ్యలో ఉన్న రెండూ ఉడుకుతాయి. ఆఫీసు పనికి ఏ ఇబ్బందీ లేని పీసీ, గంటసేపు గేమ్ ఆడాక మాత్రమే బ్లూస్క్రీన్ కొడుతుంటే ఈ కోణం కూడా చూడాలి.

మన వైజాగ్‌లో దీనికి రెండు స్థానిక చిక్కులున్నాయి, వాటిలో ఒకటి అందరూ అనుకునేది కాదు. ఉక్కపోత ఎక్కువ కాబట్టి పీసీ కూడా ఎక్కువ వేడెక్కుతుందని చాలామంది నమ్ముతారు. మనకి చెమట ఆరదు కాబట్టి మనకి ఉక్క, ర్యామ్‌కి చెమటే పట్టదు కాబట్టి దానికి గాలిలో తేమతో పనిలేదు. దానికి కావలసింది గది ఉష్ణోగ్రత ఒక్కటే, ఎందుకంటే ఏ ఫ్యానూ దేన్నీ గదికంటే చల్లగా చేయలేదు. యూట్యూబ్ రివ్యూలో ఎవరో 21 డిగ్రీల ఏసీ గదిలో కూర్చుని "ర్యామ్ 48 డిగ్రీలే" అంటే, గదికి పైన 27 డిగ్రీలు లేచిందని అర్థం. అదే మెషీన్ మే నెల మధ్యాహ్నం మర్రిపాలెంలో 34 డిగ్రీలున్న గదిలో పెడితే 61 చూపిస్తుంది. రివ్యూలో అంకె చూసి మన పీసీలో ఏదో పాడైందనుకోవద్దు, ముందు గది తేడా తీసేసి చూడండి.

రెండోది, అసలైన చిక్కు ఉప్పు. ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే, రుషికొండ వైపు సముద్రం దగ్గర ఉండేవాళ్లకి కిటికీ ఊచలు ఎంత తొందరగా తుప్పు పడతాయో ఎవరూ చెప్పక్కర్లేదు. గాలిలో వచ్చే ఉప్పు రేణువులు తేమ 75 శాతం దాటితే నీళ్లు లాక్కుని ద్రవంగా మారతాయి, ఇక్కడ ఏడాదిలో చాలా రోజులు తేమ ఆ గీత దాటే ఉంటుంది. ఆ తడి ఉప్పు ఫ్యాన్ రెక్కల మీద, పిన్నుల మీద, బేరింగ్ అంచున పేరుకుంటుంది, దాని మీద దుమ్ము అతుక్కుంటుంది. పాత నగరం, జ్ఞానాపురం, మల్కాపురం వైపైతే పోర్టు నుంచి వచ్చే నల్ల దుమ్ము సంగతి తెలిసిందే. పెద్ద ఫ్యాన్ అయితే ఈ బరువుని పట్టించుకోదు. నాలుగైదు వేల చుట్లు తిరిగే బుల్లి ఫ్యాన్‌కి ఒక రెక్క మీద కాస్త మట్టి ఎక్కువైనా బ్యాలెన్స్ తప్పి ఫ్రేమంతా వణుకుతుంది, ఆ వణుకు ర్యామ్ క్లిప్పుల గుండా బోర్డుకి, బోర్డు నుంచి క్యాబినెట్ రేకుకి పాకి బుర్రుమంటుంది.

ఇప్పుడు వైర్ల సంగతి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ర్యామ్ ఫ్యాన్లకి సాధారణంగా మూడు వైర్లుంటాయి. నలుపు గ్రౌండు, ఎరుపు 12 వోల్టులు, పసుపు వేగం చెప్పే వైరు. ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగితే ఆ పసుపు వైరు మీద రెండు పల్సులు వెళ్తాయి, వాటిని లెక్కపెట్టి బోర్డు ఆర్‌పీఎమ్, అంటే నిమిషానికి ఎన్ని చుట్లో, చూపిస్తుంది. నాలుగు వైర్ల ఫ్యాన్ అయితే రంగులు మారతాయి: నలుపు గ్రౌండు, పసుపు 12 వోల్టులు, ఆకుపచ్చ వేగం, నీలం పీడబ్ల్యూఎమ్ అనే కంట్రోల్. పసుపు ఒకచోట సిగ్నలు, ఇంకోచోట కరెంటు, ఇది గుర్తుంచుకోండి. ఈమధ్య అన్ని వైర్లకీ నల్ల తొడుగే వేస్తున్నారు, అప్పుడు రంగులు మర్చిపోయి పిన్నుల వరసే చూసుకోవాలి: మొదటిది గ్రౌండు, రెండోది 12 వోల్టులు, మూడోది వేగం, నాలుగోది ఉంటే కంట్రోల్.

మదర్‌బోర్డు మీద ఫ్యాన్ గుచ్చే పిన్నుల దగ్గర (దీన్నే హెడ్డర్ అంటారు) ఒక ప్లాస్టిక్ నాలుక లేచి ఉంటుంది. మూడు పిన్నుల కనెక్టర్‌ని నాలుగు పిన్నుల హెడ్డర్‌లో గుచ్చితే ఆ నాలుక వైపు మూడూ సరిపోయి నాలుగోది బయట ఖాళీగా ఉండిపోతుంది, అది తప్పేం కాదు, అలాగే ఉండాలి. బలవంతం చేయాల్సి వస్తే మాత్రం మీరు తప్పు చోట గుచ్చుతున్నట్టే. లైట్ల కోసం ఉండే హెడ్డర్లు కూడా చూడ్డానికి దగ్గరదగ్గరగా అలాగే ఉంటాయి, ఒక రకం 5 వోల్టులది, ఇంకో రకం 12 వోల్టులది. లైట్లున్న ర్యామ్ ఫ్యాన్ అయితే దాని లైటు వైరు ఏ రకమో చూడకుండా 12 వోల్టుల దాంట్లో తోస్తే 5 వోల్టుల లైట్లు అక్కడికక్కడే పోతాయి.

ఏ హెడ్డర్‌లో? సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్నదాంట్లో వద్దు. అక్కడ చాలా బోర్డులు వేగాన్ని కాపలా కాస్తాయి, ఫ్యాన్ మెల్లబడితే ఆన్ చేసిన ప్రతిసారీ ఎర్రర్ చూపించి ఎఫ్1 నొక్కమంటాయి. పంపు అని రాసి ఉన్నదీ వద్దు, అది మామూలుగా ఎప్పుడూ పూర్తి వేగమే ఇస్తుంది. సిస్ ఫ్యాన్ లేదా చా ఫ్యాన్ అని ఉన్నవాటిలో ర్యామ్‌కి దగ్గరగా ఉన్నది తీసుకోండి. కరెంటు లెక్కకి భయం లేదు, మామూలు హెడ్డర్ ఒక ఆంపియర్ దాకా ఇస్తుంది, ఇలాంటి బుల్లి ఫ్యాన్ ఒక్కోటి ఇంచుమించు 0.1 ఆంపియర్ దగ్గరే ఉంటుంది, స్టిక్కర్ మీద రాసి ఉంటుంది చూసుకోవచ్చు. రెండు ఫ్యాన్లని ఒక వై కేబుల్‌తో (ఒక కొన రెండుగా చీలే వైరు) కలిపినా ఏమీ కాదు. కాకపోతే సరైన వై కేబుల్లో ఒక కొమ్మకే వేగం వైరు ఉంటుంది, అంటే బోర్డుకి ఒక ఫ్యాన్ మాత్రమే కనిపిస్తుంది, రెండోది ఆగిపోయినా బయోస్‌లో (పీసీ ఆన్ అయ్యేటప్పుడు తెరవగలిగే బోర్డు సెట్టింగుల స్క్రీను) అంకె చక్కగా కనిపిస్తూనే ఉంటుంది. అప్పుడప్పుడు పక్క ప్యానెల్ తీసి కంటితో చూడటమే దానికి మందు.

మూడు పిన్నుల ఫ్యాన్‌ని గుచ్చేసి, బయోస్‌లో ఫ్యాన్ కర్వ్ (ఎంత వేడికి ఎంత వేగమో చెప్పే గీత) ఎంత కిందికి లాగినా వేగం తగ్గట్లేదని జుట్టు పీక్కునేవాళ్లు చాలామంది. కారణం చిన్నది. ఆ హెడ్డర్ పీడబ్ల్యూఎమ్ మోడ్‌లో ఉంది. ఆ మోడ్‌లో బోర్డు 12 వోల్టులని ఎప్పుడూ పూర్తిగానే ఇస్తూ, నాలుగో పిన్ను మీద సెకనుకు 25 వేల పల్సుల లెక్కన "ఇంత వేగంతో తిరుగు" అని చెబుతుంది. మన ఫ్యాన్‌కి నాలుగో వైరే లేదు కదా, ఆ మాట దానికి వినిపించదు. బయోస్‌లో ఆ హెడ్డర్‌ని డీసీ మోడ్‌కి మార్చండి, అప్పుడు బోర్డు వోల్టేజినే తగ్గిస్తుంది, ఫ్యాన్ మెల్లబడుతుంది. అసూస్‌లో క్యూ-ఫ్యాన్ అనీ, గిగాబైట్‌లో స్మార్ట్ ఫ్యాన్ అనీ ఉండే చోట ఇది దొరుకుతుంది. గోల గురించి నన్ను అడిగే వాళ్లలో ఎక్కువమందికి ఈ ఒక్క మార్పుతోనే పని అయిపోతుంది, మిగతా వ్యాసం వాళ్లకి అక్కర్లేదు కూడా.

ఎంత తగ్గించాలి అనేదానికి ఒక లెక్క ఉంది, ఈ విషయం మొత్తంలో నాకు ఎక్కువ నచ్చేది అదే. గాలి పరిమాణం వేగంతో సమానంగా తగ్గుతుంది, శబ్దం మాత్రం దానికంటే చాలా వేగంగా పడిపోతుంది. ఫ్యాన్ల విషయంలో వాడే ఉజ్జాయింపు సూత్రం ప్రకారం వేగం సగం చేస్తే సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతాయి. 10 డెసిబెల్స్ తగ్గితేనే చెవికి గోల సగమైనట్టు అనిపిస్తుంది. 4500 నుంచి 3000కి దించితే పోయేది మూడో వంతు గాలి, శబ్దంలో తగ్గేది దాదాపు 9 డెసిబెల్స్. ఇక ర్యామ్ వైపు నుంచి చూస్తే, కదలని గాలికీ మెల్లగా కదిలే గాలికీ మధ్య తేడా చాలా పెద్దది, మెల్లగా కదిలే గాలికీ జోరుగాలికీ మధ్య తేడా చిన్నది. మొదటి అడుగులోనే చాలా డిగ్రీలు దిగిపోతాయి, ఆ తర్వాత వేగం పెంచేకొద్దీ గోల పెరుగుతుంది, డిగ్రీలు మాత్రం ఒకటీ రెండూ రాలతాయి. సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్ 2 మీద పెడితే చెమట ఆరిపోయేదానికి 5 మీద పెట్టి కాగితాలన్నీ ఎగరగొట్టుకున్నట్టు ఉంటుంది ర్యామ్ ఫ్యాన్‌ని 12 వోల్టుల మీద నడపడం.

కాబట్టి 7 వోల్టుల దగ్గర, అంటే బయోస్‌లో అరవై శాతం దగ్గర మొదలుపెట్టి చూడండి. మరీ కిందికి లాగితే ఇంకో ఇబ్బంది: ఫ్యాన్ తిరుగుతూ ఉండటానికి కావలసిన వోల్టేజి కంటే ఆగినచోట నుంచి లేవడానికి కావలసింది ఎక్కువ. రాత్రి 5 వోల్టుల మీద నిశ్శబ్దంగా తిరిగిన ఫ్యాన్ పొద్దున పీసీ ఆన్ చేస్తే లేవకుండా అలాగే కూర్చోవచ్చు, బేరింగ్ కాస్త ఎండిపోయి ఉంటే మరీను. మీరు పెట్టుకున్న సెట్టింగ్ మీద పీసీని ఆపి, చల్లారనిచ్చి, మళ్లీ ఆన్ చేసి ఫ్యాన్ లేచిందో లేదో చూశాకే ప్యానెల్ మూయండి.

ఇంకో గోల, జివ్వుమని లేచి తగ్గి మళ్లీ లేచేది. బ్రౌజర్ తెరిచినప్పుడల్లా ఫ్యాన్ ఊపిరి పీల్చినట్టు వినిపిస్తే, ఆ హెడ్డర్ ప్రాసెసర్ ఉష్ణోగ్రతని చూసి నడుస్తోందన్నమాట. ప్రాసెసర్ క్షణంలో 20 డిగ్రీలు లేచి పడుతుంది, ర్యామ్ నిమిషాల మీద మెల్లగా వేడెక్కుతుంది, ఒకదాని అంకెతో ఇంకోదాన్ని నడపడంలో అర్థం లేదు. బోర్డు ఒప్పుకుంటే ఆధారాన్ని మదర్‌బోర్డు సెన్సార్‌కి మార్చండి. లేదంటే స్పందించే ఆలస్యాన్ని బోర్డు ఇచ్చినంత పెంచండి. అదీ లేకపోతే కర్వ్‌ని అడ్డంగా ఒక గీతలా చేసేయండి, ఎప్పుడూ ఒకే వేగం. ఒకే స్థాయిలో ఉండే శబ్దాన్ని చెవి కాసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది, ఎగిరిపడే శబ్దాన్ని మానదు.

ఒకే ఫ్రేములో రెండు ఫ్యాన్లున్నప్పుడు ఊం… ఊం… అని అలల్లా వచ్చే శబ్దం కూడా చాలామందిని భయపెడుతుంది, బేరింగ్ పోయిందనుకుంటారు. ఒకటి 4500, ఇంకోటి 4470 తిరుగుతున్నాయనుకోండి, సెకనుకి అర చుట్టు తేడా. ఏడు రెక్కలుంటే సెకనుకి మూడున్నర సార్లు రెండు శబ్దాలూ ఒకసారి కలిసి ఒకసారి చెరిపేసుకుంటాయి, అదే ఆ ఊగిసలాట. ఏదీ పాడవలేదు. ఒకదాని కనెక్టర్ తీసేస్తే మాయమవుతుంది, చాలా మెషీన్లకి ఆ ఒక్క ఫ్యాన్ చాలు కూడా.

పాత ఫ్యాన్లు కొన్ని మదర్‌బోర్డుకి కాకుండా నేరుగా ఎస్‌ఎమ్‌పీఎస్ (పవర్ సప్లై డబ్బా) నుంచి వచ్చే పెద్ద నాలుగు పిన్నుల మోలెక్స్‌కి తగిలిస్తారు. అక్కడ పసుపు 12, ఎరుపు 5, మధ్యలో రెండు నలుపులు గ్రౌండు. దాని మీద ఫ్యాన్ ఎప్పుడూ పూర్తి వేగమే. ఫ్యాన్ నల్ల వైరుని గ్రౌండుకి కాకుండా 5 వోల్టులకి కలిపి 12 నుంచి 5 తీసేసి 7 వోల్టులు తెప్పించే పాత చిట్కా ఒకటి తిరుగుతూ ఉంటుంది. పని చేస్తుంది, కానీ ఫ్యాన్ కరెంటంతా 5 వోల్టుల లైన్‌లోకి పోతుంది, ఫ్యాన్ లోపల షార్ట్ అయితే 12 వోల్టులు ఆ లైన్ మీదికి ఎక్కుతాయి, ఆ లైన్ మీద మీ హార్డ్‌డిస్క్, యూఎస్‌బీ అన్నీ ఉంటాయి. నేనైతే చేయను. రెసిస్టర్ ఉన్న చిన్న కేబుల్ దొరుకుతుంది, లేదా డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో ఒక 47 ఓమ్, అర వాటు రెసిస్టర్ తీసుకుని 12 వోల్టుల వైరులో మధ్యన వేసుకోవచ్చు. 0.1 ఆంపియర్ ఫ్యాన్ అంటే ఇంచుమించు 120 ఓమ్‌ల లోడు, దానికి 47 కలిస్తే ఫ్యాన్‌కి అందేది సుమారు 8.6 వోల్టులు, రెసిస్టర్‌లో పోయే వేడి పావు వాటు. అతుకు మీద ష్రింక్ ట్యూబ్ వేయండి, ఇన్సులేషన్ టేపు మన ఉక్కకి కొన్నాళ్లకే జిగురు కారి ఊడిపోతుంది.

వేగం తగ్గించినా గరగర, కీచు పోకపోతే అప్పుడు అది గాలి శబ్దం కాదు, యంత్రం శబ్దం. ఏ ఫ్యానో తేల్చుకోవడానికి పీసీ ఆపి ఒక్కో కనెక్టర్ తీసి చూడటం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. టకటకమని ఒకే లయలో వస్తే వైరు రెక్కకి తగులుతోందేమో ముందు చూడండి, కేబుల్ టై ఒకటి బిగిస్తే అయిపోయే పనికి కొత్త ఫ్యాన్ కొన్నవాళ్లున్నారు. ఒక నిర్దిష్ట వేగంలో మాత్రమే బుర్రుమంటూ, దాన్ని దాటగానే ఆగిపోతే ఫ్రేము వణుకుతోందన్నమాట. ఫ్రేముకీ క్లిప్పుకీ మధ్య పలుచటి ఫోమ్ టేపు ముక్క పెట్టండి, లేదా ఆ వేగాన్ని వదిలి కాస్త అటో ఇటో నడపండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు గరగరమని, పావుగంటకి తగ్గితే బుష్‌లో (ఇరుసు తిరిగే గొట్టంలాంటి సాదా బేరింగ్) నూనె ఎండిపోయింది.

బుష్ ఫ్యాన్‌కి నూనె వేయడం కష్టమేం కాదు. వెనక స్టిక్కర్ మెల్లగా లేపితే కింద రబ్బరు మూత ఉండొచ్చు, అది తీసి కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క, రెండోది వద్దు, వేసి రెక్కని చేత్తో కాసేపు తిప్పండి. నూనె తగిలిన స్టిక్కర్ మళ్లీ అతుక్కోదు కాబట్టి చుట్టూ శుభ్రంగా తుడిచి కొత్త టేపు ముక్క వేయండి. కొబ్బరి నూనె మాత్రం వద్దు, చలికాలంలో గడ్డకట్టే నూనె అది, తర్వాత జిగటై బుష్‌ని ఇంకా పట్టేస్తుంది. డబ్ల్యూడీ-40 కొడితే ఉన్న కాస్త నూనె కూడా కడిగేస్తుంది, రెండు రోజులు నిశ్శబ్దంగా ఉండి మూడో రోజు నుంచి మరీ ఎక్కువ అరుస్తుంది. బాల్ బేరింగ్ ఫ్యాన్ అయితే ఈ వైద్యం పనికిరాదు, మార్చడమే. దుమ్ము దులిపేటప్పుడు బ్లోయర్ వాడితే రెక్కని వేలితో పట్టుకోండి, లేకపోతే గాలికి అది రేటింగ్ దాటి తిరిగి బేరింగూ పోతుంది, అలా తిరిగే ఫ్యాన్ జనరేటర్‌లా కరెంటు పుట్టించి బోర్డులోకి తోసే ప్రమాదమూ ఉంది.

నూనె వేసినా కొన్ని నెలలే. సముద్రం దగ్గర ఇళ్లలో ఇంకా తక్కువ. అసలు ఆ బుల్లి ఫ్యాన్ జాతినే వదిలేయడం నా మటుకు నాకు మేలనిపిస్తుంది. నోక్టువా వాళ్ల 40 మిల్లీమీటర్ల ఎన్‌ఎఫ్-ఏ4ఎక్స్10 ఈ సైజులో మంచిదని పేరు, అది 4500 ఆర్‌పీఎమ్ మీద గంటకి 8 ఘనపు మీటర్ల గాలి ఇస్తుంది. వాళ్లదే 120 మిల్లీమీటర్ల ఎన్‌ఎఫ్-ఏ12ఎక్స్25 2000 మీద సుమారు 102 ఇస్తుంది, అంటే 700కి దించినా 35 దాకా వస్తుంది, నాలుగు రెట్లు ఎక్కువ, 700 మీద అది తిరుగుతోందో లేదో చెవికి తెలియదు. అంత ఖరీదైనది పెట్టక్కర్లేదు, ద్వారకానగర్‌లో ఏ కంప్యూటర్ షాపులోనైనా దొరికే మామూలు 120 ఫ్యాన్‌కీ ఇదే లెక్క. క్యాబినెట్ పైన ర్యామ్‌కి ఎదురుగా ఖాళీ ఫ్యాన్ చోటు ఉంటే అక్కడ లోపలికి ఊదేలా బిగించండి; ఫ్యాన్ గాలి స్టిక్కర్, కాళ్లు ఉన్న వైపు నుంచి బయటికి వస్తుంది కాబట్టి ఆ వైపు ర్యామ్‌కేసి ఉండాలి. పైన చోటు లేకపోతే ముందున్న ఫ్యాన్ని ఒక గడి పైకి మార్చినా ర్యామ్ ఎత్తుకి గాలి వస్తుంది, రూపాయి ఖర్చు లేదు. ప్రాసెసర్ మీద నిలువుగా లేచి ఉండే టవర్ కూలర్ ఉన్నవాళ్లకి దాని ఫ్యాన్ ర్యామ్ పక్కనుంచే గాలి లాక్కుంటుంది, వాళ్లు సాధారణంగా ఏమీ చేయక్కర్లేదు.

పీకేసే ముందు మాత్రం పరీక్ష పెట్టండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో డీడీఆర్5 స్టిక్కుల ఉష్ణోగ్రత నేరుగా కనిపిస్తుంది, దాదాపు వాటన్నిటిలోనూ సెన్సార్ ఉంటుంది. డీడీఆర్4లో కొన్నిటికే ఉంటుంది. ఫ్యాన్ ఉన్నప్పుడు ఒకసారి, లేనప్పుడు ఒకసారి, గ్రాఫిక్స్ కార్డు కూడా వేడెక్కేలా గేమ్ ఆడుతూ చూడండి. సెన్సార్ లేకపోతే మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడపండి, కాకపోతే అది గ్రాఫిక్స్ కార్డుని వేడెక్కించదని గుర్తుంచుకోండి. తప్పులు వస్తే వెంటనే వేడి మీద నెపం వేయకుండా ప్యానెల్ తీసి టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టి మళ్లీ నడపండి. అప్పుడు తప్పులు మాయమైతే వేడే కారణం. అప్పుడూ వస్తుంటే ముందు ఎక్స్‌ఎమ్‌పీ ఆపి చూడండి, ఆపినా వస్తుంటే అది స్టిక్కు, స్లాటు లేదా బోర్డు సమస్య, ఎన్ని ఫ్యాన్లు పెట్టినా పోదు. ఈ పరీక్ష డిసెంబరులో చేసి పాసైందని సంబరపడకండి, మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఏసీ లేకుండా మళ్లీ చేయండి. అక్కడ ఒకటీ అరా తప్పు కనిపిస్తే ఫ్యాన్ తిరిగి పెట్టే బదులు ర్యామ్ వేగాన్ని ఒక మెట్టు, 6000 ఉంటే 5600కి, దించి చూడండి, మామూలు వాడకంలో ఆ తేడా మీకు కనిపించదు.